ఉచితమైన పనికిని కొలత ఒక్కటే
(కాయక దాసోహముల పాఠము)

కాయకమనగా శరీరముతో చేయు శ్రమ యని మాత్రమే పలువురు తలచుచుందురు. శరణుల మతమున ఆ పదమునకు ఇంతకంటె విశాలమైన అర్థము కలదు. సత్యముగా, శుద్ధముగా, పరుల సొమ్మునకు ఆశపడక చేయు పనియే కాయకము. దాని ఫలమును సమాజమునకు సమర్పించుటయే దాసోహము. పన్నెండవ శతాబ్దమున కల్యాణనగరమందు బసవేశ్వరుని చుట్టును చేరిన శరణులలో తాడు పేనువాడు, బుట్టలల్లువాడు, బట్టలుతుకువాడు, పడవ నడుపువాడు ఉండిరి. వారి పేర్లకు ముందు వారి పనుల పేర్లే బిరుదములై నిలిచినవి: నులియ చందయ్య, మేదర కేతయ్య, మడివాళ మాచయ్య, అంబిగర చౌడయ్య. పని చిన్నదా, పెద్దదా యను విచారణ వారి కూటమిలో లేదు. పని శుద్ధమా, కాదా యనునదియే వారి ప్రశ్న.

ఈ పాఠమున ఆ ప్రశ్న నేటి యొక చిన్న సందర్భమునకు అన్వయింపబడినది. ఇంట చిన్న యంత్రశాల పెట్టుకొన్న గృహస్థుడు, స్నేహితులకును బంధువులకును కూలి తీసికొనక మరమ్మతులు చేసిపెట్టుటయే ఆ సందర్భము. చూచుటకు ఇది అల్పవిషయము. కాని ఇందులో స్నేహము కలదు, సత్యము కలదు, ఒక్కొక్కచో మనుష్యుల ప్రాణమును కలదు.

ఇంటి యంత్రశాల

హైదరాబాదు చెంత బాలానగరము, సనత్‌నగరము, రామచంద్రాపురము మొదలగు పారిశ్రామిక ప్రాంతములలో దీర్ఘకాలము పనిచేసి విశ్రాంతి పొందిన పనివారిలో కొందరికి చేయి ఊరకుండదు. అట్టివారు పెరటిలో రేకుల పాక వేసి చిన్న లేత్ మిషను నిలుపుకొందురు. రాజ్‌కోట్‌లోనో, పంజాబునందలి బటాలాలోనో తయారైన పాత లేత్ ఒకటి, డ్రిల్లింగు మిషను ఒకటి, సానచక్రము, బల్లకు బిగించిన వైసు, ఆకురాళ్ళు, మరలు కోయు ట్యాపులు, డైలు, ఒక వెల్డింగు పెట్టె. ఇవి యున్నచో చిన్న యంత్రశాల సమకూడినట్లే.

ఈ సంగతి ఊరికి తెలియుటకు ఒక వారము చాలును. మొదట పొరుగింటివారి కుట్టుమిషను వచ్చును. తరువాత మేనల్లుని మోటారు సైకిలు స్టాండు, బావమరిది తోటలోని నీటిమోటారు షాఫ్టు, మఠములోని దాసోహపు వంటశాలనుండి పిండిరుబ్బు యంత్రపు బుష్షు వరుసగా వచ్చును. తెచ్చిన ప్రతివాడును ఒకే మాట యనును: "అన్నా, పది నిమిషాల పనే. కొంచెం చూసిపెట్టు." ఆ మాటలోని చనువు నిజమైనది. పది నిమిషములు మాత్రము నిజము కావు.

పది నిమిషముల లెక్క

నీటిమోటారు షాఫ్టునే ఉదాహరణముగా గ్రహింపవచ్చును. చిన్న మోటారులలో తరచుగా కనబడు 6204 సంఖ్యగల బేరింగునకు లోపలి వ్యాసము 20 మిల్లీమీటర్లు, వెలుపలి వ్యాసము 47, వెడల్పు 14. దాని లోపలి కడియము షాఫ్టుపై కదలక బిగిసి యుండవలెను. అది జారి తిరుగుట మొదలిడినచో క్రమముగా షాఫ్టునే అరగదీయును. 20 మిల్లీమీటర్లుండవలసినచోట 19.90 మాత్రమే యున్నప్పుడు కంటికి భేదమేమియు తోచదు. మైక్రోమీటరు మాత్రము ఆ లోపమును వెంటనే చెప్పును.

క్రొత్త షాఫ్టు చేయునపుడు ఆ స్థానము 20 మిల్లీమీటర్లకు పైన ఒక మిల్లీమీటరులో నూరవవంతు వరకు అధికముగా ఉండుట మంచిది. అంతకంటె మిక్కిలి లావైనచో బేరింగులోని గుండ్లు బిగుసుకొని వేడెక్కును. సన్నమైనచో కడియము మరల జారును. ఇక లోహపు స్వభావమును చూడవలెను. 20 మిల్లీమీటర్ల ఉక్కుకడ్డీ కోతవలన 40 డిగ్రీలు వేడెక్కినచో దాని వ్యాసము ఇంచుమించు ఆ నూరవవంతే పెరుగును. అనగా వేడిగా ఉన్నప్పుడు సరిపోయిన కొలత చల్లారిన పిమ్మట చాలకపోవును. అందుచేత తెలిసిన పనివాడు ముందు లావుగా కోసి, చల్లారనిచ్చి, కొలిచి, పిదప తుదికోత కోయును.

ఇంతకు ముందు పాత షాఫ్టు కొలతలన్నియు కాగితముపై గీయవలెను. తగిన ఉక్కును వెదకవలెను. కడ్డీని చక్కులో బిగించి, డయల్ గేజితో కేంద్రము సరిచూడవలెను. పనిముట్టును సానపట్టవలెను. కోత పది నిమిషములే కావచ్చును. దాని ముందు వెనుకలు ఒక పూటను తినును.

మరల విషయమును ఇట్టిదే. 1841లో ఇంగ్లండునందు జోసెఫ్ విట్‌వర్తు మరలకు ఒక సమానమైన పద్ధతిని ప్రతిపాదించెను. అంతకు పూర్వము కార్ఖానా కొక మర. ఒకచోటి బోల్టు వేరొకచోటి నట్టునకు పట్టెడిది కాదు. ఆ చిక్కు నేటికిని పూర్తిగా తీరలేదు. విట్‌వర్తు పద్ధతిలో అర అంగుళపు బోల్టునకు అంగుళమునకు 12 చుట్లు, మర కోణము 55 డిగ్రీలు. అమెరికా ముతకమరలో అదే అర అంగుళపు బోల్టునకు 13 చుట్లు, కోణము 60 డిగ్రీలు. చేత పట్టుకొని చూచినచో రెండును ఒక్కటిగనే తోచును. రెండు చుట్లు చేతితోనే ఎక్కును. ఆపై పానా పెట్టి బలవంతము చేసినచో, పాత డీజిలు ఇంజను దిమ్మెలోని మరయే చిరిగిపోవును. ఒక బోల్టుతో పోవలసిన పని ఇంజనుమీదికి వచ్చును.

దానమిచ్చిన ఆవునకు పళ్ళు లెక్కింపరాదని లోకమందురు. పళ్ళచక్రము మాత్రము దానముగా వచ్చినను పళ్ళు లెక్కింపవలసినదే. 39 పళ్ళుండవలసినచోట 40 కోసినవాడు, "ఊరకనే చేసిచ్చితిని గదా" యని తప్పించుకొన జాలడు. యంత్రమునకు కూలిపని, ఉచితపుపని యను భేదము తెలియదు.

కనబడని మూల

షాఫ్టు లావునుండి సన్నమునకు మారుచోట ఒక మూల ఏర్పడును. ఆ మూలను పదునుగా విడుచుట సులభము. దానిని కొద్దిపాటి గుండ్రముగా తీర్చుటకు పనిముట్టును ప్రత్యేకముగా సానపట్టవలెను, మరికొంత సమయము వెచ్చింపవలెను. యంత్రమును మూసి బిగించిన పిదప ఆ మూల ఎవరి కంటను పడదు. కాని బరువు మోయుచు షాఫ్టు తిరుగునపుడు, ప్రతి చుట్టునకును అచ్చటి లోహము ఒకమారు సాగును, ఒకమారు నలుగును. మూల పదునుగా ఉన్నచో ఆ ఒత్తిడి అంతయు అచ్చటనే కూడుకొనును. వెంట్రుకవంటి పగులు పుట్టి, నానాటికి లోపలికి ప్రాకి, కొంతకాలమునకు షాఫ్టు రెండుగా తెగిపోవును. లోహమునకును అలసట కలదు.

ఈ సత్యమును లోకము మిక్కిలి వెల యిచ్చి నేర్చుకొన్నది. 1842 మే 8వ తేదీన ఫ్రాన్సుదేశమున వెర్సాయినుండి పారిస్ నగరమునకు మరలివచ్చుచున్న రైలుబండి ముందరి ఇంజను ఇరుసు విరిగెను. పెట్టెలు ఒకదానిపై నొకటి పడి అగ్ని రగుల్కొనెను. ఏబదిమందికి పైగా మరణించిరి. మరుసటి యేట స్కాట్లండు దేశీయుడైన ఇంజనీరు రాంకిన్, రైలు ఇరుసులు హఠాత్తుగా విరుగుటకు కారణములను విచారించి, ఇరుసు వ్యాసము మారుచోట పదునైన మూలకు మారుగా వంపు ఉండవలెనని సూచించెను. ఆ వెనుక ప్రష్యాదేశపు రైల్వే ఇంజనీరు ఆగస్టు వోలర్ 1850లకును 1870కిని నడుమ ఇరుసులపై అనేక పరీక్షలు జరిపి, మాటిమాటికి కలుగు ఒత్తిడివలన లోహము ఎట్లు అలసి విరుగునో లెక్కకట్టి చూపెను.

పెరటిపాకలో చేయు నీటిమోటారు షాఫ్టు రైలు ఇరుసంతటిది కాదు. అయినను ధర్మమొక్కటే. మిత్రుడు చూడజాలడు గనుక పదునుగా విడిచిన మూల, వెల పుచ్చుకొనకున్నను, అబద్ధమే యగును. అంగముపై లింగమును ధరించినవానికి చూచువారు లేని తావు అనునది లేదు. కాయకశుద్ధికి పరీక్ష సభలో జరుగదు. ఎవరికిని కనబడని ఆ మూలలో జరుగును.

కాదనుటయు స్నేహమే

ఉచితముగా పనిచేసిపెట్టువానికి పరమశత్రువు మొగమాటము. కూలి తీసికొను దుకాణదారుడు "ఇది చేయను" అని సులభముగా చెప్పగలడు. స్నేహితుని ఎదుట ఆ మాట నోట రాదు. కాని కొన్ని పనులలో ఆ మాట రాకున్నచో అనర్థము తప్పదు.

వంటింటిలోని ప్రెషర్ కుక్కరును చూడుడు. అందులో ఆవిరి ఒత్తిడి, వెలుపలి గాలి ఒత్తిడికి పైన, చదరపు సెంటీమీటరునకు ఇంచుమించు ఒక కిలోగ్రాము వరకు చేరును. అప్పుడు నీరు 120 డిగ్రీల వేడిమి చేరువలో నుండును. 20 సెంటీమీటర్ల అడ్డుకొలతగల మూతపై పడు మొత్తపు బలము 300 కిలోగ్రాములకు మించును. ఆవిరిదారి మూసికొనిపోయి వేడిమి మితిమీరినచో, కరగి ఆవిరిని విడిచిపెట్టుటకే మూతకు ఒక చిన్న రక్షకబిళ్ళ అమర్చియుందురు. "ఇది మాటిమాటికీ పోతోంది. ఆ కన్నానికి ఒక బోల్టు బిగించిపెట్టు మామా" అని ఎవరైన అడిగినచో, ఆ పని నిజముగనే ఐదు నిమిషములలో తీరును. కాని అది ఇల్లాలి ముఖమునకు ఎదురుగా ప్రేలుడు సామగ్రి నిలిపినట్లగును. ఆ కుక్కరునకు తగిన అసలు బిళ్ళ పాత్రల దుకాణములలో స్వల్పవెలకు దొరకును. ఆవిరిదారి ఎందుకు మూసికొనుచున్నదో చూచి శుభ్రపరచుటయే నిజమైన ఉపకారము.

ఖాళీ పెట్రోలు ట్యాంకునకు వెల్డింగు పెట్టుమనుట ఇట్టి మరియొక కోరిక. ద్రవమంతయు పోయినను, లోపల మిగిలిన ఆవిరి గాలితో కలసి అగ్నికణమునకై కాచుకొని యుండును. అందుచేత ఖాళీ ట్యాంకును నిరపాయమని తలచుట పెద్ద పొరపాటు. మోటారువాహనముల బ్రేకు భాగములు, స్టీరింగు భాగములు, బరువునెత్తు కొక్కెములు, మనుష్యులు నూతిలోనికి దిగునపుడు ఆధారమగు ఇనుపసామగ్రి కూడ పెరటిపాకలో చేయదగినవి కావు. వాటికి తగిన లోహమేదో, దానిని ఏ వేడిమిలో కాచి చల్లార్చిరో తెలిసినగాని వాటి బలము తెలియదు.

మఠముల పెద్దలును ఒక సంగతి గమనింపవలసియున్నది. జాతర సమీపించిన తరుణమున రథపు ఇరుసునో, చక్రపు చీలనో భక్తులలో నెవనికో ఇచ్చి, "స్వామి పనికి లెక్కలేమిటి, చేసిపెట్టు" అనుట కలదు. స్వామి పనికే లెక్క ముఖ్యము. టన్నులకొలది బరువుగల రథము జనసమూహము నడుమ కదలునప్పుడు, దాని భారమంతయు ఆ ఇరుసుపైననే నిలుచును. భక్తి ఉక్కునకు బలమీయజాలదు. అట్టి భాగములను అర్హతగల ఇంజనీరుచే పరీక్షింపజేసి, తగిన కార్ఖానాలో చేయించుటయే రథసేవ. "ఇది నా చేతి పని కాదు, స్వామీ" అని వినయముతో చెప్పిన భక్తుడు సేవనుండి తప్పించుకొన్నవాడు కాడు.

పని చేత పట్టుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఇది విరిగినచో ఎవరికేమగును? దీని లోహమేదో తెలియునా? చేసినదానిని పరీక్షించు ఉపాయమున్నదా? మొదటి ప్రశ్నకు "ప్రాణాపాయము" అని సమాధానము వచ్చినచో అచ్చటనే ఆగవలెను. తక్కిన రెంటిలో నొకదానికి సమాధానము లేకున్నను, ఆ సంగతి మిత్రునకు విడమరచి చెప్పకుండ పని మొదలుపెట్టరాదు.

కాదను విధమునందును ధర్మము కలదు. "తీరిక లేదు" అని తప్పించుకొనుట సత్యము కాదు. ఆ మాట విన్నవాడు వేరొకని యొద్దకు పోయి ఆ ప్రమాదమునే కొనితెచ్చుకొనును. కారణము చెప్పవలెను. సరియైన చోటు చూపవలెను. వీలైనచో వెంట పోయి పని చేయించి పెట్టవలెను. అట్టి నిరాకరణము పదిసార్లు చేసిపెట్టిన పనికంటె గొప్ప ఉపకారము.

ప్రతిఫలము, వాటాలు

కూలి తీసికొనని పనిలో ధనపు ప్రశ్న లేదనుకొనుట పొరపాటు. ఉక్కుకడ్డీకి, వెల్డింగు కడ్డీలకు, బేరింగునకు వెల కలదు. విద్యుత్తునకు బిల్లు కలదు. వస్తువుల ఖర్చు మిత్రుడు భరించుటయు, శ్రమను గృహస్థుడు సమర్పించుటయు మర్యాద. ఈ సంగతి మొదటనే చెప్పుకొన్నచో ఉభయులకును మనశ్శాంతి. చెప్పుకొనక, లోలోన లెక్క పెట్టుకొనుచు చేసిన పని స్నేహమును అరగదీయును. జారు బేరింగు షాఫ్టును అరగదీసినట్లే.

నులియ చందయ్య తాడునకు తగిన వెలకు మించి వచ్చిన సొమ్మును అంగీకరింపలేదని శరణసంప్రదాయము చెప్పుచున్నది. ఆయ్దక్కి మారయ్య నేలపై రాలిన బియ్యము ఏరి తెచ్చుట కాయకముగా గలవాడు. ఒకనాడు అతడు అవసరమునకు మించి తేగా, భార్య లక్కమ్మ దానిని మరల తీసికొనిపోయి విడిచి రమ్మనెను. తగినంత యను కొలత తీసికొనుటలోనే కాదు, ఇచ్చుటలోనూ ఉండవలెను. స్నేహితుల పనులతో ప్రతి ఆదివారమును నిండిపోయి, ఇంటి పిల్లలకును వృద్ధులకును తండ్రి చేయి అందకపోయినచో, ఆ ఉపకారపు వెల ఇంటివారు చెల్లించుచున్నారన్నమాట. "ఈ వారమునకిక చాలును" అని ఇల్లాలు హెచ్చరించినచో ఆ మాట లక్కమ్మ మాటయని గ్రహింపవలెను.

కనబడని వసూలు మరియొకటి కలదు. రూపాయి తీసికొననివాడు విందులలో, పదిమంది ఎదుట, "వాని మోటారు తిరుగుచున్నదన్నచో నా చలవయే" అని పలుమారు చెప్పి వడ్డీతో కూడ రాబట్టుకొనుచుండును. ఇట్టి వసూలుకంటె దుకాణపు బిల్లు ఎంతో చవుక. అది ఒక్కమారే చెల్లింపవలసినది. దాసోహమను మాటలోనే "దాసుడను నేను" అను అర్థమున్నది. "దాతను నేను" అను భావము చేరినచో అది దాసోహము కానేరదు.

వీధి చివర దుకాణములో లేత్ పెట్టుకొని కుటుంబమును పోషించువాని సంగతియు తలపవలెను. కూలి యీయగల స్థితిమంతులందరును ఉచితమునకు పెరటిపాకకు వచ్చినచో, వాని గతి యేమి? స్నేహమునకు చేసిన పని మరియొకని కాయకమును హరింపరాదు. కావున ఈ విభాగము చేసికొనుట మేలు. బజారులో జరుగు పని, కూలి యీయగలవాని పని బజారునకే పంపవలెను. కూలి యీయలేనివాని పనియు, మిక్కిలి చిన్నదని దుకాణములు త్రిప్పిపంపు పనియు, కంపెనీలు విడిభాగము తయారుచేయుట మానివేసిన పాత యంత్రపు పనియు పెరటిపాకకు తగినవి. వృద్ధురాలి కుట్టుమిషను తిరిగి నడచినచో ఆమె కాయకము నిలిచినట్లు. ఒకరి కాయకము మరియొకరి కాయకమును నిలుపుటకంటె గొప్ప దాసోహమేమి కలదు?

అడుగువాని ధర్మము

ఇంతవరకు చేయువాని ధర్మము చెప్పబడినది. అడుగువానికిని ధర్మము కలదు. అది ఆరు మాటలలో ఇట్లున్నది.

1. వస్తువును మట్టి, గ్రీజు తుడిచి శుభ్రముగా తేవలెను. జిడ్డు తుడుచుటకే సగము పూట పోయినచో అది మిత్రుని పూటయే.

2. విరిగిన ముక్కలన్నియు, దానికి జత కూడు భాగమును కూడ తేవలెను. షాఫ్టుతో బేరింగు, బోల్టుతో నట్టు రావలెను. నోటిమాటతో చెప్పిన కొలత కొలత కాదు.

3. విరిగిన విధమును దాపరికము లేక చెప్పవలెను. పూర్వము ఎవరైన వెల్డింగు చేసియున్నచో తప్పక తెలుపవలెను. పోతఇనుము వెల్డింగువేడికి గురియై త్వరగా చల్లారినచో అచ్చట గాజువలె గట్టిపడును. ఆ చోటు తగిలి పనిముట్టు విరుగును.

4. గడువు పెట్టి తొందరపెట్టరాదు. తొందరలోనే కొలతలు తప్పును, వ్రేళ్ళు తెగును.

5. యంత్రము తిరుగునప్పుడు చెంత నిలిచి మాటలు పెట్టరాదు. పసిపిల్లలను వెంట తీసికొనిపోరాదు.

6. తన చనువును మిత్రుని మిత్రునికి అరువీయరాదు. ముందుగా అడుగక వేరొకరి పని తెచ్చి పెట్టుట స్నేహమును సంతచేయుట.

ఐదవ మాటకు చేరినదే చేయువాని దేహరక్షణ. లేత్ ఎదుట నిలుచునప్పుడు ఉత్తరీయము, వ్రేలాడు చేతులచొక్కా, చేతితొడుగులు పనికిరావు. తిరుగు చక్కునకు చిక్కినవి మనుష్యుని లోనికి లాగికొనును. ఇష్టలింగమును ధరించినవారు శివదారము వెలుపల వ్రేలాడనీయక, చొక్కాలోపల దేహమునకు అదుముకొని యుండునట్లు సర్దుకొనవలెను. చక్కును బిగించు తాళమును దానియందే మరచి యంత్రమును నడిపినచో అది బాణమువలె ఎగిరివచ్చును. సానచక్రము చెంత కంటికి అద్దములు లేక నిలువరాదు. తిరుగు యంత్రము బంధువని, భక్తుడని ఎరుగదు.

పెరటిపాకలో ఒక చిన్న పుస్తకముంచుట మంచి అలవాటు. తేదీ, వస్తువు, వాడిన లోహము, తుదికొలత, మిత్రునకు చెప్పిన హెచ్చరిక అందు వ్రాసికొనవలెను. వస్తువు మరల విరిగి వచ్చినప్పుడు కారణము వెదకుటకు అదియే దారి చూపును. ఎవరికెంత ఉపకారము చేసితినో లెక్కించుకొనుటకు మాత్రము ఆ పుస్తకము కాదు.

ముగింపు

వెల లేని పనికి విలువ లేదని లోకమున ఒక వాడుక కలదు. శరణమార్గమున ఆ వాడుక చెల్లదు. కూలి తీసికొన్నను, తీసికొనకున్నను 20 మిల్లీమీటర్లు 20 మిల్లీమీటర్లే. వెల పుచ్చుకొనుట, మానుట గృహస్థుని యిష్టము. కొలత తగ్గించుట మాత్రము అతని యిష్టములోనిది కాదు. చేయగలదానిని సత్యముగా చేసి, చేయరానిదానిని సత్యముగా కాదని చెప్పి, చేసినదానిని మరచిపోవుట కాయకధర్మము. అట్లు చేసిన చిన్న బుష్షు దాసోహపు వంటశాలలో పిండిరుబ్బు యంత్రమున ఎవరికిని కనబడక తిరుగుచుండును. పంక్తిలో కూర్చుండి భుజించువారికి దానిని చేసినవాని పేరు తెలియదు. తెలియవలసిన పనియు లేదు.

మననము చేయదగిన ప్రశ్నలు

1. ఉచితముగా చేసిన పనిలో కొలత తగ్గినచో అది ఏ విధముగా అసత్యమగును?

2. మొగమాటముచే ఒప్పుకొన్న పనికిని, దాసోహబుద్ధితో ఒప్పుకొన్న పనికిని భేదమేమి?

3. లక్కమ్మ చూపిన "తగినంత" యను కొలతను ఇచ్చుటకు ఎట్లు అన్వయింపవచ్చును?

4. మీ వీధిలో ఒక వృత్తితో జీవించువాని కాయకమునకు మీ ఉపకారము అడ్డు కాకుండుటకు ఏమి చేయవలెను?

5. ఇటీవల మీరు ఒక మిత్రుని అడిగిన పనిలో, అడుగువాని ఆరు ధర్మములలో ఎన్నింటిని పాటించితిరి?